పదహారో వంతు

పదకొండేళ్ళు లైటు పట్టుకున్నాను.
ముందు వీడియో మస్తాను, వెనక నేను,
భుజాన వైరు చుట్ట,
చేతిలో వెయ్యి వాట్ల ఎండ.
నా వంక చూసిన ప్రతి పెళ్ళికూతురూ
కళ్ళు చికిలించుకున్నదే.
ఒక్క ముఖం గుర్తులేదు.
ముడుచుకున్న రెప్పలే గుర్తు.

ఆషాఢం. ముహూర్తాల్లేవు.
గుంటూరు కొత్తపేటలో, స్టూడియో షట్టరు సగం దించి
ఖాజావలి గారు కెమెరా నా చేతికిచ్చారు.
ఒక కుర్చీకి తెల్ల పంచె, ఒక కుర్చీకి ఎర్ర పట్టుచీర,
మీద రెండు కుండలు బోర్లించి
"వధూవరులు, కానియ్" అన్నారు.

"ఆటోలో పెట్టావా, పంచెను చూసి జడుసుకుంటది,
చీర చీకట్లో పడుద్ది.
తలకాయ పైకి తిప్పు.
వెలుగును మొహాన కొట్టమాక.
గోడకి చెప్పు. గోడ నిదానంగా చెప్పుద్ది వాళ్ళకి."

నెలంతా గోడకి చెప్పాను.
కుండలు రెండూ కళగా వచ్చాయి.

లెన్సు కోసం బెజవాడ బస్సెక్కాను.
గవర్నరుపేట కొట్లో
డెబ్బై-రెండొందలు ఫిరంగిలా కూర్చుని ఉంది,
అద్దె రోజుకి తొమ్మిదొందలు.
ఎనభై అయిదు పెట్టి చూస్తే
వీధి దీపాలు పులుసు మీద నూనెబొట్లు.
మనసు పోయింది.
కానీ దానికి పదడుగులు వెనక్కి నడవాలి.
మన పెళ్ళిళ్ళలో పదడుగులెక్కడివి,
వెనక్కి వేస్తే ఎవరి కాలో, ఎవరి పిల్లో.
ఇరవైనాలుగులో అందరూ పడతారు గానీ
అంచున నిలబడ్డ మనిషి దోసకాయలా సాగుతాడు.
అంచున నిలబడేది ఎప్పుడూ
కార్డు ఆఖరున అందిన చుట్టమే.
ముప్పై అయిదు కొన్నాను, సెకండ్ హ్యాండు,
అద్దం మీద గోటి గీతంత గీత.

శ్రావణంలో మొదటి పెళ్ళి, పెదకాకాని దగ్గర హాలు.
గోడకి చెప్పాను.
గోడ పచ్చరంగు.
పెళ్ళికూతురి పిన్ని చింతచిగురై వచ్చింది.
నెత్తిన చూద్దునా, ఎర్ర షామియానా.
తెలుపు కోసం వెతికితే
పానకాలు గారు కనపడ్డారు,
పెళ్ళికూతురికి వరస బాబాయి,
ఆరడుగుల మనిషి, ఇస్త్రీ మడత నలగని ఖద్దరు చొక్కా.
"బాబాయి గారూ, నా వెనకే కాస్త ఉండండి."
ఫ్లాషు తల వెనక్కి తిప్పి ఆయన ఛాతీకి కొట్టాను.
అమ్మాయి చెంప మీద
పొద్దుటి ఏడింటి వెలుగు.
తెల్లవార్లూ ఆయన కదల్లేదు.
ఎందుకని అడగలేదు. మర్యాదనుకున్నారో ఏమో.

రెండూ నలభై ఏడు.
భయంతో పవరు ఫుల్లులో పెట్టాను.
అడ్డతెర మీదే ఒకటి నొక్కేశాను.
తెర దిగింది.
నొక్కితే ఫ్లాషు కీచుమంటుంది, దీపం వెలగదు.
నాలుగు సెకన్లు.
జీలకర్ర బెల్లం, మొదటి చూపు,
మేళం ఎత్తుకోవడం, అన్నీ అందులోనే అయిపోయాయి.
ఖాజావలి గారు నా వైపు చూడనైనా లేదు.
"అమ్మా, ఇంకొక్కసారి చెయ్యి పెట్టండి" అన్నారు.
పంతులుగారు గుర్రుమన్నారు.
పెట్టింది. ఈసారి నవ్వింది.
ఆల్బంలో ఉన్నది ఆ రెండోదే.

తలంబ్రాల వేళకి నా చేతిలోంచి ఫ్లాషు లాక్కుని
ముల్లు తిప్పి ఇచ్చారు: పదహారో వంతు.
నొక్కిన ప్రతిసారీ వెలిగింది.
గింజ గింజా గాల్లో ఆగింది,
ఒకటి పెళ్ళికొడుకు రెప్ప మీద.

ఇంటికొస్తూ స్కూటరు మీద అన్నారు:
"వెలుగు తగ్గితే కంప్యూటర్లో ఎక్కించుకోవచ్చురా.
దీపం తేరుకునేలోపు పోయింది మాత్రం..."
ఆటో అడ్డమొచ్చింది. మళ్ళీ ఆ మాటెత్తలేదు.

కార్తీకంలో ఆల్బం తీసుకెళ్ళడానికి
పానకాలు గారే వచ్చారు.
బల్ల మీద పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పారు.
వెనక్కి తిప్పి మళ్ళీ చూశారు.
"తెల్లార్లూ నిలబెట్టావు గదయ్యా,
నేనేడీ?"

పెళ్ళికూతురి ఎడమ చెంప మీద వేలు పెట్టాను.
"ఇక్కడ, బాబాయి గారూ."

జేబులోంచి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
కిటికీ వెలుతురుకి ఆల్బం ఎత్తి పట్టుకుని
ఆ చెంపనే
చాలాసేపు చూశారు.